గుత్తిలో కింది కాయ

జంగమ్మ నోట్లో వేసుకుని చెప్పేదాకా బుల్లిబాబు తోటలో ఒక్క గుత్తి కూడా తెగేది కాదు. పదకొండేళ్ళుగా అదే పద్ధతి.

శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు పోయే రోడ్డు దిగి, రాళ్ళబాట వెంట కొంచెం లోపలికి నడిస్తే ఆ తోట వస్తుంది. ఆరెకరాల ద్రాక్ష. గోదావరి జిల్లా నుంచి వచ్చి బుల్లిబాబు కొనుక్కున్నప్పుడు అక్కడ సీతాఫలం పొదలు తప్ప ఏమీ ఉండేవి కావట. రాతి కడీలు పాతించి, తీగ లాగించి, పందిరి వేయించాడు. పందిరి కింద నిలబడితే గుత్తులు జంగమ్మ తలకు తగిలేవి, పొడగరి అయిన బుల్లిబాబుకు ఛాతీకి తగిలేవి. అందుకని ఆయన తన తోటలో ఎప్పుడూ వంగే నడిచేవాడు.

కోత మొదలుపెట్టే ముందు జంగమ్మ మూడు చోట్ల కాయ తినేది. బావి పక్కన ఒకటి, తోట నడుమ ఒకటి, పడమటి గట్టు దగ్గర ఒకటి. గుత్తిలో పై కాయ తినేది కాదు. పైవి ముందే తియ్యబడతాయి, చూడవచ్చిన వాళ్ళంతా అవే తిని మెచ్చుకుని పోతారు. గుత్తి కొసన అన్నిటికన్నా కింద వేలాడే చిన్న కాయ ఆఖరున పండుతుంది. అది తియ్యగా ఉంటే గుత్తంతా తియ్యగా ఉన్నట్టే. తోలు ఉమ్మేసి, గింజలు అరచేతిలోకి తీసుకుని వాటి రంగు చూసి, జంగమ్మ రెండు మాటల్లో ఏదో ఒకటి చెప్పేది. "కొయ్యున్రి" అనైనా, "నాలుగొద్దులు ఆగున్రి" అనైనా. మామిడికాయను కోసి గడ్డిలో పెడితే మాగుతుంది. ద్రాక్ష మాగదు. తీగ మీద ఉన్నన్నాళ్ళు ఎంత తీపి ఎక్కితే అంతే. తొందరపడి కోస్తే పులుపు, ఆలస్యం చేస్తే పక్షులు, ఈగలు, వాన. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో చెప్పేది జంగమ్మ నాలుక. ఆ నాలుక వల్లే ఆమె పద్దెనిమిది మంది కూలి ఆడవాళ్ళకు పెద్ద. ఎవరు పనికి రావాలో, ఏ వరుసకు ఎవరు పోవాలో ఆమే చెప్పేది. చదువు లేదు, పొలం లేదు, చెప్పుకోదగ్గ చుట్టం లేడు. ఆ ఊళ్ళో ఆమెకున్నదల్లా ఆ మాట ఒక్కటే.

ఇంట్లోనూ ఆమె తీరు అంతే. ఏదైనా అడిగితే చేతిలో పని ఆపకుండా చెప్పేసేది. చెప్పాక దాని గురించి మళ్ళీ తలచేది కాదు. ఆమె భర్త మైసయ్య కోళ్ళఫారంలో పనిచేసేవాడు. ఆయన దీనికి పూర్తిగా ఎదురు. ఒకసారి మేడ్చల్ అంగడికి పోవడానికి రోడ్డు మీద నిలబడి, మొదటి బస్సు నిండా జనం ఉన్నారని వదిలేశాడు. రెండో బస్సులో నిలబడడానికి చోటుంది కాని, వెనక ఖాళీది వస్తుందేమోనని దాన్నీ వదిలేశాడు. మూడోది రాలేదు. నడిచి పోయేసరికి అంగడి లేచిపోయింది.

"రెండో బస్సు ఎందుకు ఎక్కలేదు?" అంది జంగమ్మ, ఖాళీ సంచి చూసి.

"మూడోది వస్తదనుకున్న."

"వస్తదని ఎవలు జెప్పిన్రు?"

"రాదని గూడ ఎవలు జెప్పలేదు కద."

వాళ్ళ కూతురు వినోద గడప మీద కూర్చుని ఇదంతా వింది. వినడం ఆమెకు అలవాటు. మాట్లాడడం తక్కువ. ఎవరైనా పలకరిస్తే తల ఊపేది, లేదా ఏదో పని ఉన్నట్టు లేచి పోయేది.

వినోద బడి సంగతి కూడా జంగమ్మ అట్లాగే ఒక్క క్షణంలో తేల్చింది. వినోద ఎనిమిదో తరగతిలో ఉండగా, సరిగ్గా కోతల వేళకు కూలికి వచ్చే కమలాబాయి కాలు బెణికి మంచాన పడింది. ఒక మనిషి తక్కువైంది. "ఒక్క వారం రా బిడ్డా" అంది జంగమ్మ. వారం తర్వాత కమలాబాయి కుంటుకుంటూ వచ్చింది. కాని అప్పటికే వినోదకు పెట్టెల్లో కాగితాలు పరిచే పని చేతికి వచ్చింది. చిన్న వేళ్ళు, గుత్తిని కాడతోనే పట్టుకుంటుంది, కాయ మీది బూడిద పూత చెరగనివ్వదు అని బుల్లిబాబు మెచ్చుకున్నాడు. ఇంకో వారం అన్నారు. ఆపైన ఇంకొకటి. తోట అయిపోయేసరికి పరీక్షలూ అయిపోయాయి. జూన్‌లో పోతే పాత తరగతిలోనే కూర్చోమన్నారు. తనకన్నా చిన్నవాళ్ళ మధ్య రెండు రోజులు కూర్చుని వినోద మానేసింది. బడి మానిపించాలని ఎవరూ అనుకోలేదు. అనుకుని ఉంటే నలుగురిని అడిగేవాళ్ళేమో. ఒక్క వారానికి ఎవరిని అడుగుతారు?

ఆ తర్వాత నాలుగేళ్ళూ ఆమె పెట్టెల దగ్గరే కూర్చుంది. అడుగున పరిచే పాత పేపర్లు చదువుతూ పరిచేది. ఒక వార్త మొదలు ఒక పెట్టెలో పోతే, చివర ఇంకో పెట్టెలో పోయేది. మిగతాది ఆమె ఊహించుకునేది.

తొంభై ఎనిమిది దీపావళి తర్వాత జంగమ్మకు విషజ్వరం వచ్చింది. ఇరవై రోజులు లేవలేదు. లేచాక మామూలుగానే తిరిగింది, గంప ఎత్తింది, తీగలు కత్తిరించే పనిలో అందరికన్నా ముందుంది. ఒక రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. మైసయ్య మొదటి ముద్దకే ఉమ్మేసి, "ఏందే గిది, సముద్రమా?" అని అరిచాడు. జంగమ్మ అప్పటికే సగం కంచం తినేసి ఉంది. చెయ్యి ఆపి పప్పు వంక చూసింది. "పరధ్యానంల వడ్డది, తిను" అని మజ్జిగ పోసింది.

వినోద ఆ చూపును గుర్తుపెట్టుకుంది. ఆ వారంలోనే, దారి పక్కన చింతచెట్టు కింద రాలిన పచ్చికాయ తీసి తల్లికి ఇచ్చింది. జంగమ్మ ఏదో మాట్లాడుతూ కొరికింది, నమిలింది, మింగింది. కన్ను చికిలించలేదు, ముఖంలో గీత కదలలేదు. వినోద తన చేతిలోని ముక్కను కొరికి, పళ్ళు జివ్వుమంటే దాన్ని మెల్లగా పారేసింది.

అప్పటి నుంచి ఆ సంగతి వినోద దగ్గరే ఉంది. తల్లి చెప్పలేదు కాబట్టి కూతురు అడగలేదు. కోతలు ఇంకా దూరం, అప్పటికి నాలుక తిరిగి వస్తుందేమో అనుకుంది. జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. కాయ మీద ఆకుపచ్చ తగ్గి, వెలుగులో పట్టి చూస్తే లోపలి గింజ నీడలా కనపడసాగింది. వినోద పెట్టెలు సర్దుతూ లెక్క వేసుకునేది. చెబితే ఏమవుతుందో తెలుసు. బుల్లిబాబు సారుకు తెలిస్తే ఇంకెవరినో పెద్దగా పెడతాడు, అమ్మ వాళ్ళ వెనక గంప మోస్తుంది. చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు. ఏమీ కాకపోవచ్చు కూడా. తెలిసిన చెడుకన్నా తెలియనిదే నయమని ఆమెకు తోచింది. అట్లా తోచడం వల్లే తండ్రి అంగడికి నడిచి పోయాడని కూడా తోచింది.

మార్చి నెలలో ఒక పొద్దున బుల్లిబాబు స్కూటర్ మీద వచ్చాడు. ఆయన వెనకే పట్నం నుంచి దేవేందర్ వచ్చాడు. ఏటేటా ఆ తోట పండు కొనే వ్యాపారి అతను. ఆడవాళ్ళు కత్తెరలు నడుముకు దోపుకుని నిలబడ్డారు. పడమర పక్క సన్నగా మబ్బు పట్టి ఉంది.

"ఏమ్మా జంగమ్మా, ఏవంటావ్?" అన్నాడు బుల్లిబాబు వంగి పందిరిలోకి వస్తూ.

"లారీ మాట్లాడి పెట్టిన అక్కా, జల్దీ తేల్చు" అన్నాడు దేవేందర్.

జంగమ్మ బావి దగ్గరికి పోయింది. కింది కాయ తెంపి నోట్లో వేసుకుంది. గింజలు చూసుకుంది. నడుమకు పోయింది, పడమటి గట్టుకు పోయింది. పెట్టెలు మోసుకుపోతున్నట్టు వినోద వెనకే నడిచి, తల్లి తెంపిన గుత్తుల్లోనే ఇంకో కొస కాయ తెంపి తింది. బావి దగ్గరిది పులుపు. నడుమది పులుపు. పడమటిది కాస్త నయం. అంతే.

జంగమ్మ తిరిగి వచ్చి కొంగుతో చెయ్యి తుడుచుకుని, "కొయ్యున్రి" అంది.

ఆడవాళ్ళు కదిలారు. కత్తెరలు బయటికి వచ్చాయి. వినోదకు ఆలోచించడానికి ఉన్నది ఆ కాసేపే. ఆగితే రేపైనా కోయవచ్చు, ఎల్లుండైనా కోయవచ్చు. కోసిన గుత్తిని మళ్ళీ తీగకు అంటించలేం. ఆ ఒక్క సంగతి ఆమెకు స్పష్టంగా కనపడింది.

"నాలుగొద్దులు ఆగాలె" అంది.

గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. అందరూ తిరిగి చూశారు.

"ఓయమ్మో! గీ పొల్లకు మాటలొస్తయా?" అంది కమలాబాయి. "నాలుగేండ్ల సంది మూగదనే అనుకుంటి."

కొందరు నవ్వారు. దేవేందర్ నవ్వలేదు. "గిదేందక్కా? ఒకలు కొయ్యమంటరు, ఒకలు ఆగమంటరు. సారు, మబ్బు సూడున్రి జర."

బుల్లిబాబు జంగమ్మ వంక చూశాడు. జంగమ్మ కూతురి వంక చూసింది. అందులో కోపం లేదు. పప్పు కంచం వంక చూసిన చూపే అది.

"పొల్ల జెప్పినట్టే ఆగున్రి సారు" అంది.

ఇద్దరూ ఇంటికి బయలుదేరారు. రాళ్ళబాట దాటి రోడ్డెక్కాక జంగమ్మ అడిగింది.

"నిజంగ పుల్లగున్నదా?"

"బావికాడిది కన్ను మూసుకునేటంత ఉన్నది."

"నీకెప్పటి సంది ఎరుక?"

"చింతకాయ నాటి సంది."

"గా చింతకాయ కావాల్నని ఇచ్చినవా?"

వినోద తల ఊపింది.

"బాగనే పట్టినవ్. మల్ల ఇన్నొద్దులు సప్పుడు జెయ్యలే."

"నువ్వు జెప్పలేదు కదనే."

"ఏం జెప్పాలె? సక్కెర బుక్కినా మన్ను బుక్కినట్టే ఉన్నదని జెప్పాలెనా?" జంగమ్మ ఆగి పడమర చూసింది. "తీపి తెలుస్తలేదు. మబ్బు కండ్లకు కనవడ్తాంది. కనవడ్డదే పట్టుకున్న. వాన గొడ్తదని కొయ్యమన్న."

వినోదకు అప్పుడు తెలిసింది, తాను ఆ పొద్దున ఒక్కసారి కూడా తలెత్తి ఆకాశం చూడలేదని. దేవేందర్ చూడమన్నా చూడలేదు.

మొదటి రోజు ఎండ కాసింది. కాయకు తీపి ఎక్కించే ఎండ అది. పక్క తోటలో మాత్రం ఆ రోజే కోత మొదలైంది. దేవేందర్ లారీ అక్కడికి పోయింది. రెండో రోజు ఉక్క. ఆకు కదలలేదు. సాయంత్రం వినోద బావి దగ్గరి కాయ తింది. పులుపు తగ్గింది, తీపి ఇంకా రాలేదు. జంగమ్మ గట్టు మీద కూర్చుని పడమర చూస్తూ ఉంది. "ఎట్లున్నది?" అంది. "జర నయం" అంది వినోద. "మీద మబ్బు?" అంది వినోద. "జర ఖరాబ్" అంది జంగమ్మ.

మూడో రోజు మధ్యాహ్నం గాలి లేచింది. ఆ వెనకే రాళ్ళవాన. గింజంత మొదలై గోలికాయంత పడ్డాయి. కోళ్ళఫారం రేకుల మీద మోత ఊరంతా వినపడింది. గట్టిగా లెక్కేస్తే పావుగంట. మళ్ళీ ఎండ వచ్చేసింది, ఏమీ ఎరగనట్టు.

వాళ్ళు పోయేసరికి పడమటి వరుసలు నేల మీద ఉన్నాయి. మిగిలిన గుత్తుల్లో కాయలు పగిలి రసం కారుతోంది. ఈగలు అప్పుడే వచ్చాయి. బావి పక్క ఆకు దట్టంగా ఉండడం వల్ల చాలా వరకు నిలిచింది. బుల్లిబాబు లుంగీ ఎగగట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. ఆ రోజు ఆయన వంగాల్సిన పని చాలాచోట్ల లేకపోయింది.

ఎవరూ పిలవకుండానే ఆడవాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. పక్క తోట నుంచి దేవేందర్ కూడా వచ్చాడు.

"సిన్న పొల్ల మాట వట్టుకుంటె గిట్లనే అయితది" అన్నాడు, ఎవరి వంకా చూడకుండా.

వినోద పెట్టెల వెనక్కి జరిగింది.

బుల్లిబాబు జంగమ్మ ముందు ఆగాడు. "పదకొండేళ్ళలో నువ్వు మాట మార్చగా నేను చూళ్ళేదమ్మా. మొన్న కోసెయ్యమన్నావు, వెంటనే ఆగమన్నావు. తిట్టడానిక్కాదు, తెలుసుకుందామని అడుగుతున్నా. ఎందుకు మార్చావు?"

పొల్ల చెప్పింది గనుక అని ఊరుకుంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. అందరూ విన్నదే. జంగమ్మ పని ఆపకుండా చెప్పే మనిషి, ఈసారి చేతిలో పని లేదు. కొంగు కొస రెండు వేళ్ళతో మెలిపెడుతూ నిలబడింది.

"పొల్లను ఎవలేమనకున్రి" అంది. "అది తిన్నది తిన్నట్టు జెప్పింది. నాకు రుచి తెల్వది సారు. దీపావళి జొరం సంది నాలికె సచ్చింది. ఉప్పు తెల్వది, తీపి తెల్వది. మొన్న నేను రుచి తెల్సినట్టు నటించిన."



"మరి కొయ్యమని ఎలా చెప్పావు?" అన్నాడు బుల్లిబాబు.

"మబ్బు సూసి."

"ఆ ముక్కే చెప్పొచ్చుగా. నాలుక పోయిందీ, మబ్బు చూసి చెబుతున్నాననీ."

"జెప్తె ఏం జేస్తుంటివి సారు?" అంది జంగమ్మ. ఎదురు తిరగడం కాదు, నిజంగానే అడిగింది. "పొల్ల పులుపంటది, నేను వానంటా. కోస్తుంటివా, ఆగుతుంటివా?"

బుల్లిబాబు పడమటి వరుసల వంక చూశాడు.

"ఏమో, తెలీదు" అన్నాడు. స్కూటర్ దగ్గరికి పోయి, మళ్ళీ వెనక్కి తిరిగి, "తడారాక పగిలిన కాయ కత్తిరించండి, కుళ్ళు పక్కదానికి అంటుకుంటుంది. జంగమ్మా, ఎవరెక్కడ కూర్చోవాలో నువ్వే చూడు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నుంచి రెండు రోజులు అదే పని. గుత్తిని కాడతో పట్టుకుని తిప్పుతూ, పగిలిన ప్రతి కాయనూ కత్తెర కొసతో తీసెయ్యాలి. గుత్తులు అక్కడక్కడ పళ్ళూడిన నోళ్ళలా అయ్యాయి. దేవేందర్ ఒక కాయ నోట్లో వేసుకుని, "తీపి మంచిగనే ఎక్కింది గని, మొఖం లేదు" అన్నాడు. కొన్నాడు, ఎప్పటి ధరకు కాదు. సగానికి కొంచెం ఎక్కువ పండు బయటపడింది.

పక్క తోట సంగతి మాత్రం తేలలేదు. పులుపని పట్నం మార్కెట్లో ఆ పండును ఎవరూ ముట్టలేదని కమలాబాయి చెప్పింది. గంటలో అమ్ముడుపోయిందని మైసయ్య కోళ్ళఫారంలో విని వచ్చాడు. దేవేందర్‌ను అడిగితే, "అయినకాడికి అయింది" అన్నాడు. వినోద కొన్నాళ్ళు ఆ పక్క తోట సంగతే ఆలోచించింది. పెట్టెలో పోయిన పేపరు ముక్కలా దాని చివర కూడా ఆమెకు దొరకలేదు.

తర్వాతి ఏడు బుల్లిబాబు ఒక చిన్న గొట్టం లాంటి పరికరం తెచ్చాడు. ఒక చివర రెండు చుక్కల రసం వేసి వెలుగుకు పట్టి చూస్తే లోపల తీపి ఎంతో అంకె కనపడుతుంది. దాన్ని కంటికి పెట్టుకుని, "పదిహేను చూపిస్తోంది" అని, గొట్టం దించి, "ఏవంటారమ్మా?" అని అడిగాడు. తల్లినీ కూతుర్నీ కలిపి అడిగాడు. వినోద తినేది, జంగమ్మ ఆకాశం చూసేది. ఇద్దరూ ఒక్కటైతే కోత మొదలయ్యేది. కాకపోతే జంగమ్మ అందరి ముందే చెప్పేది: "పొల్ల ఆగమంటాంది, నాకు మబ్బు భయమున్నది. ఇగ నీ ఇష్టం సారు." ఇట్లా చెప్పడం ఆమెకు కొత్త. మొదట్లో కమలాబాయి ఆటపట్టించేది. "మైసయ్య బస్సు లెక్కనే ఉన్నది నీ సంగతి" అనేది. జంగమ్మ నవ్వి ఊరుకునేది. పెద్దరికం ఆమె దగ్గరే ఉంది. కాకపోతే ఇప్పుడది మునుపంత బిగుతుగా లేదు.

రెండువేల ఒకటిలో, చలి తగ్గుతున్న రోజుల్లో, వినోద వండిన కూర నోట్లో పెట్టుకుని జంగమ్మ, "ఉప్పు తక్కువేసినవ్" అంది.

వినోద గరిటె పట్టుకున్న చెయ్యి ఆగింది. జంగమ్మ కూడా ఆగింది. ఒక ముద్ద, ఇంకో ముద్ద నెమ్మదిగా తింది. మైసయ్య తలెత్తకుండా, "అవు, తక్కువనే ఉన్నది" అని ఉప్పు డబ్బా అందుకున్నాడు. ఆ మాట అక్కడితో పోయింది.

నెల తర్వాత కోతకు బుల్లిబాబు వచ్చాడు. ఆకాశం ఎక్కడా మచ్చ లేకుండా ఉంది. జంగమ్మ బావి పక్క గుత్తిలో కింది కాయ తెంపి, కొంగుతో తుడిచి కూతురికి ఇచ్చింది. వినోద నమిలి, తోలు ఉమ్మేసి, గింజలు అరచేతిలో వేసుకుంది. గోధుమరంగు తిరిగిన గింజలు.

"ఎట్లున్నది?" అంది జంగమ్మ.

"తియ్యగున్నది. కొయ్యొచ్చు."

జంగమ్మ ఒకసారి పడమర చూసింది, అలవాటుగా. "కొయ్యున్రి" అంది.

ఆడవాళ్ళు పందిరి కిందికి కదిలారు. జంగమ్మ చెయ్యి కిందికి దించి పిడికిలి విప్పింది. అందులోంచి రెండు గింజలు మట్టిలో పడ్డాయి. అవి కూడా గోధుమరంగువే, ఇప్పుడే నోట్లోంచి తీసినట్టు ఇంకా తడిగా ఉన్నాయి. వినోద వాటిని చూసింది. ఈసారి చెప్పాలా వద్దా అని ఆలోచించలేదు. పెట్టెల దగ్గరికి పోయి, పాత పేపరు మడత విప్పి పరచడం మొదలుపెట్టింది.